ఎరయు ఆకలియు

ధ్యాన భాగములు: యాకోబు 1:12–15, 2 పేతురు 2:12–19, యోహాను 21:1–17



మన సంఘములలో అనేకులు చిన్ననాట చెరువు గట్టున గాలము వేసినవారే. బెండు కట్టి, వానపామును గ్రుచ్చి, నీటివైపు చూచుచు గడియలకొలది కూర్చున్నవారే. అక్కడ చేపకు చూపబడునది నిజమైన తిండి. వానపాము వానపామే. దానిలో దాగిన కొక్కెమే మోసము. కాని సముద్రమున గాలముతో పెద్ద చేపలను పట్టువారిలో అనేకులు వానపామును గాని రొయ్యను గాని వాడరు. వారి గాలమున తినదగినది ఆవగింజంతయు ఉండదు. మెరయు రేకు ముక్క యొకటి, కోడి ఈకలు నాలుగు, రంగు పూసిన కొయ్య చేప, లేదా ప్లాస్టికు చేప, ఇంతే. దీనిని మాయ ఎర అందము. ఈ నెల మన ధ్యానము ఈ మాయ ఎరను గూర్చినది. సముద్రమును ఎన్నడును చూడని మెట్ట ఊళ్లవారికి దీనితో పనియేమి అని ఎవరును అనుకొనవద్దు. ఆ ఎర మన ఊళ్లకును వచ్చియున్నది.

యాకోబు తన పత్రిక మొదటి అధ్యాయము పదునాలుగవ వచనమున శోధన ఎట్లు కలుగునో చెప్పుచు, మన బైబిలులో మరులుకొల్పబడుట అని తర్జుమా చేయబడిన మాట నొకదానిని వాడెను. గ్రీకు భాషలో ఆ మాట ఎర అను మాటనుండి పుట్టినది. ఎర చూపి పట్టుట అని దాని భావము. దానికి ముందున్న ఈడ్వబడుట అను మాటకూడ ఇక్కడ చక్కగా అతుకును, ఏలయనగా రాతి సందున భద్రముగా నున్న చేప మొదట బయటికి రావలెను, తరువాతనే నోరు తెరచును. ఇందులో మనము గమనింపక దాటిపోవు సంగతి యొకటి కలదు. ఆ వచనమున సాతాను పేరు లేదు. ఎవని దురాశ వానినే ఈడ్చునని అపొస్తలుడు వ్రాసెను. అనగా ఎరలో సగము బయటనుండి వచ్చును, మిగిలిన సగమును చేపయే తనలో మోసికొని వచ్చును.

జాలరి ఎరను ఎట్లు ఏర్పరచుకొనునో చూచినయెడల ఈ మాట తేటపడును.

నాకేది అందముగానున్నది అని అతడు అడుగడు. ఈ చోట, ఈ ఋతువున, ఈ చేప ఏమి తినుచున్నది అని అడుగును. మన కోస్తాలో వంజరమును (విశాఖపట్టణమువైపు కోనాము అందురు) పట్టగోరువాడు అది కవ్వళ్లవంటి చిన్న వెండిరంగు చేపలను తరుమునని ఎరుగును గనుక, పొడవుగా, సన్నముగా, వెండివలె మెరయు ఎరను కట్టును. దాని పండ్లు కత్తులవంటివి గనుక ఎరకు ముందు తీగ కట్టును. ఏటి మొగలలో నక్కియుండు పండుగప్పకు వేరొక ఎర కావలెను. అది తరుముకొని పోదు. పోటు పాటులకు కొట్టుకొని వచ్చు చిన్న చేపకై మొద్దుల చాటున కాచుకొనియుండును. కనుక దాని ముక్కు ముందరికే ఎర నెమ్మదిగా రావలెను. పరిమాణమును సరిపడవలెను. చేపలు వ్రేలంత పిల్లలను తినుచున్న వేళ జానెడు ఎర వేసినయెడల అవి దానిని దాటిపోవును. పెద్ద ఎరకు పెద్ద చేప పడునని క్రొత్తవాడు తలంచును. అనుభవశాలి ఆ చేప ఆ పూట అలవాటుగా తినుచున్న దానివంటిదే కట్టును.

ప్రియులారా, శోధన కొమ్ములు తోకతో వచ్చునని మనము ఎదురుచూచుచుందుము. అది అనుదినాహారము రూపమునే వచ్చును. రైతునొద్దకు విత్తనముల అప్పుగా వచ్చును. ఆడుబిడ్డ తల్లియొద్దకు, కొంచెము కట్నము ఎక్కువైనను మంచి సంబంధమని వచ్చును. నిరుద్యోగియైన యౌవనునియొద్దకు గల్ఫు దేశపు ఉద్యోగమని, ముందుగా కొంత సొమ్ము కట్టినచో చాలునని వచ్చును. కాపరియొద్దకు మందిరపు పైకప్పు రూపమునకూడ రాగలదు. వీటిలో ఏదియు స్వతహాగా పాపము కాదు. అప్పుతో విత్తనము కొన్నవారును, విదేశమునకు పోయి కుటుంబమును నిలువబెట్టినవారును మన మధ్య ఉన్నారు. నిజమైన చిన్న చేపకూడ సముద్రములో ఉన్నది గనుకనే మాయ ఎర పనిచేయును.

ఇక రంగు సంగతి. తేట నీటిలో వెండి, నీలము వంటి సహజమైన రంగులును, బురద నీటిలో కొట్టవచ్చినట్లు కనబడు రంగులు గాని నల్లని రంగు గాని వాడుదురు. సూర్యకాంతి నీటిలోనికి దిగుకొలది మొదట మాయమగునది ఎరుపు. ఒడ్డున నిప్పువలె నున్న ఎర్రని ఎర లోతునకు పోవుసరికి నల్లగా కనబడును. దుకాణములలో వ్రేలాడదీసిన ఎరలకు ఇన్ని రంగులు ఎందుకనగా, వాటిలో కొన్ని చేపను పట్టుటకు గాక జాలరిని పట్టుటకు పూయబడినవని ఆ పని తెలిసినవారు నవ్వుచు చెప్పుకొందురు.

పసిఫికు మహాసముద్రపు దీవులలోని జాలరులు ఈ విద్యలో పూర్వమునుండి ఆరితేరినవారు. సమోవా, తాహితి మొదలైన దీవులలో ముత్యపు చిప్పను చెక్కి చేపపిల్లవలె చేసి, తాబేటి డిప్పతోనో ఎముకతోనో కొక్కెము అమర్చి, తోకవద్ద ఈకలు కట్టి, దోనె వెనుక ఈడ్చుచు సూర చేపలను పట్టెడివారు. (సూర వేరు, సొర వేరు. ఇది సొరచేప కాదు.) ఒక్క చిప్పతో వారు తృప్తిపడెడివారు కారు. తెల్లనివి, బూడిదరంగువి, కెంపు జీరగలవి అనేకము వెంట తీసికొనిపోయి, ఆ దినపు వెలుతురునకు ఏది సరిపడునో చూచి మార్చుచుండిరి. ఒకటి పనికిరానిచో మరియొకటి. 1797లో తాహితికి ఓడలో పోయిన లండను మిషను సంఘమువారు ఈ దీవులలోనే పని మొదలుపెట్టిరి. ఆ సంఘమువారే 1805లో విశాఖపట్టణమునకు వచ్చి, సువార్తలను తెలుగు చేయ పూనుకొనిరి.

ఆ జాలరి చిప్పలు మార్చునట్లు మన శోధకుడును మార్చును. సారాయికి లొంగనివానిని సారాయితో పట్టజూడడు, ఊరిలో గౌరవము అను ఎరతో పట్టజూచును. ధనమునకు లొంగనివానికి తన నీతిమంతత్వమే ఎరగా కట్టబడవచ్చును. కాబట్టి పొరుగువాడు పడిన ఎరను చూచి, నేనైతే దాని జోలికి పోను అని గర్వించువాడు తొందరపడుచున్నాడు. ఆ చిప్ప అతని కొరకు చెక్కబడినది కాదు.

ఇప్పుడు నన్ను మిక్కిలి కలవరపరచిన సంగతి చెప్పెదను. ఫిన్లండు దేశపు జాలరి లౌరి రపాలా అనునతడు 1936లో కార్కును చెక్కి, చాక్లెట్టు చుట్టిన వెండికాగితమును అంటించి, ఫోటో ఫిల్మును కరగించి పైన పూత పూసి, యొక ఎరను చేసెను. అతడు వాడినది సరస్సులోనేగాని, అదే పద్ధతిలో చేసిన ఎరలు నేడు లోకమంతట సముద్రములోను వాడబడుచున్నవి. దానికి ముందు అతడు చేసిన పని చూచుటయే. పెద్ద చేప చిన్న చేపల గుంపులోనికి వచ్చినప్పుడు దేనిని పట్టుచున్నది? చురుకుగా ఈదువానిని కాదు. గాయపడి, వంకరగా, తడబడుచు ఈదుచున్న దానిని పట్టుచున్నది. కనుక అతడు తన కొయ్య చేపకు ఆ తడబాటునే నేర్పెను. అందము కాదు, బలహీనతయే ఎర.

దీనిని మన ఊరిలో పెట్టి చూడుడి. భర్త పోయిన స్త్రీ అర యెకరము అమ్మజూపుచున్నది. ఆసుపత్రి బాకీ తీర్చవలెను, వారము గడువు. ధర సగము చెప్పినను ఒప్పుకొనును. అప్పుడు మనలో ఏదో కదలును. నిన్నటివరకు ఆ పొలము మీద మనకు ఆశ లేదు. ఆమె తడబడుట చూచినప్పుడు పుట్టినది. కోరికగల వస్తువును చూచి నోరూరుటకంటె, బలహీనుని చూచి నోరూరుట భయంకరము. దీనిని పాపమని ఎవరును అనరు, మంచి బేరమందురు. రిజిస్ట్రారు కచేరిలో ముద్రకూడ పడును. అయినను పొలము కొన్నవాడే అక్కడ గాలమునకు తగులుకొన్నవాడు. ఆమెకు సరియైన ధర యిచ్చి కొనుట, లేదా ఆమె బాకీకి సంఘము పూచీపడి పొలమును ఆమెకే నిలుపుట, ఇవి మన చేతిలో ఉన్నవే. ఏ సంఘమైనను ఈ నెల పెద్దల కూటములో ఈ సంగతి ఒక్కటి విచారించినచో ఈ వ్యాసము పని జరిగినట్లే.

వేగమును గూర్చి కొంచెము. వంజరము, సూర వంటివి రుచి చూచి తినునవి కావు, దూసికొని వచ్చి కొట్టును. పడవ నెమ్మదించి ఎర నిదానముగా నడచినయెడల చేప వెంట వచ్చి, చూచి, తిరిగిపోవును. ఆలోచించుటకు దానికి సమయము చిక్కినది. కనుక జాలరి ఆ సమయము ఇయ్యడు. ఫోనులో అప్పు ఇచ్చువారు ఐదు నిమిషములలో సొమ్ము అని ఏల చెప్పుదురో మీరే యోచింపుడి. కాగితములు వద్దు, హామీ వద్దు, నేడే ఆఖరు దినము. అట్టి అప్పు తీసికొన్నవారి ఫోనులోని పేర్లన్నిటిని లాగుకొని, బంధువులకు సిగ్గుమాలిన సందేశములు పంపి పీడించుటవలన 2020 సంవత్సరాంతమున తెలంగాణములో కొందరు ప్రాణములు తీసికొనిరి. ఒక రాత్రి నిద్రించి ఉదయమున చెప్పెదనని అనుట మన పెద్దలు నేర్పిన మాట. ఆ ఒక్క రాత్రిని ఎవడు ఇయ్యనొల్లడో వానిని గూర్చి అనుమానపడవలెను.

ఈ ఎరలన్నిటికంటె ఎక్కువగా ఆలోచింపజేయునది మన దేశములోనే, లక్షద్వీపముల దక్షిణపు కొసనున్న మినికాయ్ దీవిలో కలదు. అక్కడివారు సూర చేపలను కఱ్ఱ గాలములతో పట్టుదురు. ముందుగా లోతు తక్కువ నీటిలో సన్నని చిన్న చేపలను వలతో పట్టి, పడవ అడుగున నీరు పారు గదిలో ప్రాణముతో ఉంచుకొందురు. సూరల మంద కనబడగానే ఆ చిన్న చేపలను ఉచితముగా నీటిలోనికి వెదజల్లుదురు. వాటికి గాలము లేదు, దారము లేదు. సూరలు వచ్చి తినును. అది నిజమైన తిండి. తరువాత నీటిని పైనుండి చిలకరింతురు. సముద్రపు పైభాగమంతయు చిన్న చేపలు గంతులు వేయుచున్నట్లు కనబడును, పడవయు మనుష్యులును ఆ తెరలో మరుగుపడుదురు. మంద వెఱ్ఱెత్తిపోవును. అప్పుడు జాలరులు వరుసగా నిలిచి గాలములు దించుదురు. వాటికి ఎర గ్రుచ్చరు. ఈకలు కట్టిన మెరయు ఇనుమే. చేపలు ఆ ఇనుమును కొట్టును. ఒక్కొక్కటి గాలిలో ఎగిరి పడవలో పడుచుండును.

సహోదరులారా, మొదట వేసినది నిజమైన తిండి, చివర వేసినది వట్టి ఇనుము. నడుమ మారినది నీరు కాదు, చేప. మొదటి పేకాటలో గెలుపు నిజముగానే వచ్చును. మొదటి చీటీ సొమ్ము గడువునాటికే చేతికి వచ్చును. మొదటి గ్లాసు నిజముగానే ఒళ్లు నొప్పిని మరపించును. తాగుబోతు ఇరువది ఏండ్ల తరువాత పొందుచున్న దేమియో అతని భార్యను అడుగుడి. ఇనుము. అయినను కొట్టుచునే ఉన్నాడు.

అయితే ఆ మినికాయ్ కొక్కెమునకు ఒక విశేషము కలదు. చెరువు గాలమునకున్నట్లు దాని కొనకు వెనుకకు తిరిగిన ముల్లు లేదు. చేపను త్వరగా విడిపించి మరల వేయవలెను గనుక అట్లు చేయుదురు. దారము బిగువుగానున్నంత సేపే అది పట్టును. సడలినచో చేప జారి నీటిలో పడును. అప్పులో గాని త్రాగుడులో గాని చిక్కి, ఇక తప్పించుకొనలేనని నిశ్చయించుకొన్నవాడు మన సంఘములో ఎక్కడనో వెనుక వరుసలో కూర్చున్నాడు. అతని దారమును బిగించునది సిగ్గు. అతడు చెప్పుకొనుటకు చోటిచ్చి, చెప్పినదానిని బావి యొద్ద మాటలాడకుండినచో దారము సడలును. ఫోను అప్పులవారు పీడించుచున్నయెడల 1930 అను నంబరునకు ఫోను చేసి ఫిర్యాదు చేయవచ్చును. అది ప్రభుత్వము ఇట్టి మోసములకొరకే పెట్టినది. అప్పు తీసికొన్నందుకు చావనవసరము లేదు.

ఇంతవరకు మనము చేపలము. ఇక జాలరులమైన సంగతి.

ఎర అను ఆ గ్రీకు మాట క్రొత్త నిబంధనలో యాకోబు తరువాత పేతురు రెండవ పత్రికలో మాత్రమే, అదియు ఒకే అధ్యాయమున రెండుసార్లు వచ్చును. అక్కడ ఎర వేయుచున్నవారు బయటివారు కారు. సంఘములో దూరిన అబద్ధ బోధకులు, స్థిరము లేని ఆత్మలను పట్టుచున్నారు. పత్రికకు పేతురు పేరు ఉన్నది. గెన్నేసరతు జాలరికి ఎర అనగానేమో ఎవరును నేర్పనక్కరలేదు. నేడు సీసాలలో నూనె అమ్మువారు, వేయి రూపాయలు విత్తినచో లక్ష కోయుదురని వేదికలమీద చెప్పువారు ఊరూరికి వచ్చుచున్నారు. రోగియైన బిడ్డ తల్లి ఆకలిని వారు చూచియున్నారు. ఎర దానినిబట్టియే కట్టబడినది.

ప్రభువు తన శిష్యులను మనుష్యులను పట్టు జాలరులుగా పిలిచినప్పుడు వారు చేతపట్టిన పనిముట్టు వల. వలకు ఎర లేదు. లూకా సువార్త అయిదవ అధ్యాయములో పేతురుతో చెప్పబడిన పట్టుట అను మాటకు ప్రాణముతో పట్టుట అని మూలభాషలో అర్థము. గాలమును గూర్చి సువార్తలలో ఒక్కచోటనే కలదు, మందిరపు పన్నుకొరకు పేతురు సముద్రమునకు పోయినప్పుడు. అక్కడకూడ ఎర మాట లేదు.

ఒంగోలులో అమెరికా బాప్టిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ దొరగారి సంగతి మన తాతముత్తాతలు ఎరిగినదే. 1876–78 సంవత్సరముల మహా కరువులో ఆయన బకింగ్‌హాము కాలువలో మూడున్నర మైళ్ల త్రవ్వకమును గుత్తకు తీసికొని, ఆకలిగొన్నవారికి పని చూపెను. వేలాదిమంది మట్టి మోసి కూలి పుచ్చుకొనిరి. పని విరామములో బోధకులు వారి మధ్య కూర్చుండి సువార్త చెప్పిరి. బాప్తిస్మము కావలెనని అనేకులు అడిగిరి. ఆయన ఇయ్యలేదు. కరువు సహాయము సాగినంత కాలము, ఏడాదికి పైగా, ఒక్కరికిని ఇయ్య నిరాకరించెను. ఆ దినములలో ఏ మిషనుకైనను సంఖ్యలు తీపియే. అన్నము చేతిలో నున్నది, ఆకలి ఎదుట నున్నది. ఆ రెంటిని దారముతో కట్టుట ఎంత పని! ఆయన కట్టలేదు. అన్నము వేరుగా ఉంచెను, నీళ్లు వేరుగా ఉంచెను. సహాయము ముగిసిన తరువాత, 1878 జూలై 3వ తేదీన, వెల్లంపల్లి యొద్ద గుండ్లకమ్మలో ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. బియ్యపు క్రైస్తవులని వెక్కిరించువారికి మనము చూపదగినది ఆ దినపు సంఖ్య మాత్రమే కాదు, దానికి ముందు గడచిన నెలలుకూడ.

తిబెరియ సముద్రతీరమున తెల్లవారుచుండగా ప్రభువు నిలిచియుండెను. శిష్యులు రాత్రియంతయు ఏమియు పట్టలేదు. ఆయన చెప్పినట్లు వల వేయగా నూట ఏబది మూడు చేపలు పడినవి. వారు దరికి వచ్చి చూడగా నిప్పులు, వాటిమీద చేప, రొట్టె అప్పటికే సిద్ధముగా ఉన్నవి. వారు పట్టినవాటితో వండినది కాదది. రాత్రి చలిలో తడిసినవారిని, ఆయనను ఎరుగనని మూడుసార్లు బొంకిన పేతురును ఆయన పిలిచి, కూర్చుండబెట్టి, తన చేతితో వడ్డించెను. షరతు పెట్టలేదు. పాత సంగతి ఎత్తలేదు. భోజనమైన తరువాతనే పేతురు వైపు తిరిగి, నన్ను ప్రేమించుచున్నావా అని అడిగెను. కాదని చెప్పి లేచిపోవుటకు పేతురునకు అడ్డులేదు. తిన్న చేపలో కొక్కెము లేదు.